పిల్లలకి వచ్చే ఫిట్స్ పెద్దయ్యాక పోతాయా? మా బాబుకి ఏడేళ్ళు, నిద్రలోనే వస్తున్నాయి

మియాపూర్ అమ్మ:

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు వచ్చే ఫిట్స్ పిల్లలు పెద్దయ్యేసరికి వాటంతటవే పోతాయా, లేక జీవితాంతం మందులు వాడాల్సిందేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్తే ధైర్యంగా ఉంటుందని ఇక్కడ అడుగుతున్నాను. డాక్టర్ గారు ఓపిగ్గానే చెప్పారు, కానీ ఆ టెన్షన్‌లో సగం బుర్రకెక్కలేదు, మిగతా సగం ఇంటికొచ్చాక చుట్టాలు తలో మాట అనడంతో ఎటో పోయింది.

మా బాబు రెండో తరగతి. కాన్పు మామూలుగానే అయింది, నడక, మాట అన్నీ టైమ్‌కే వచ్చాయి, చదువులో కూడా చురుగ్గానే ఉంటాడు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చిన కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున నిద్రలో వాడి నోరు ఎడమ పక్కకి లాగేసింది, ఆ పక్క చెంప టకటకా అదురుతోంది, చొంగ కారిపోతోంది, గొంతులోంచి గరగరమని శబ్దం. కళ్ళు తెరిచి నావైపే చూస్తున్నాడు కానీ ఏమైంది నాన్నా అంటే మాట రావట్లేదు. రెండు నిమిషాలు కూడా ఉండదు, నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు. తేరుకున్నాక వాడు అన్న మాట ఇది: "అమ్మా, నువ్వు పిలిచింది వినపడింది, చెప్దామంటే నాలుక కదల్లేదు." తర్వాత ఇంకోసారి వచ్చినప్పుడు ఒళ్ళంతా కొట్టుకుంది, అప్పుడు వాడికి ఏమీ గుర్తులేదు.

పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. నిద్రలో ఈఈజీ (తల మీద వైర్లు పెట్టి మెదడులో కరెంటు చూసే పరీక్ష) తీశారు, రిపోర్ట్‌లో సెంట్రోటెంపోరల్ స్పైక్స్ అని ఉంది, అంటే మెదడులో ఒక చోట కరెంటు ఉన్నట్టుండి ఎగసినట్టు గీతలట. ఎమ్మారై నార్మల్. రోలాండిక్ ఎపిలెప్సీ (ఎపిలెప్సీ అంటే మూర్ఛ) అంటారు, వయసుతో పాటు పోయే రకం అన్నారు. లెవెటిరాసెటమ్ సిరప్ రాశారు, ఫిట్ ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోమన్నారు.

వయసుతో పోతుంది అంటే ఏ వయసుకి? అందరికీ పోతుందా, కొందరికేనా? ఆ సిరప్ మొదలుపెట్టినప్పటి నుంచి వాడికి కోపం ఎక్కువైంది, చిన్నదానికే అరుస్తున్నాడు, చెల్లిని కొడుతున్నాడు, అది మందు వల్లా లేక మేం అతిగా గారాబం చేస్తున్నందుకా తెలియట్లేదు. మా అత్తయ్య గారికి వాడంటే ప్రాణం, ఫిట్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టాలని ఆవిడ దిండు కింద ఒకటి పెట్టుకుని పడుకుంటున్నారు. మా ఆయన స్కూల్లో చెప్పొద్దు, ఒకసారి నలుగురి నోట్లో పడితే ఆ పేరు పోదు అంటున్నారు. ఎండాకాలం అపార్ట్‌మెంట్ పిల్లలంతా స్విమ్మింగ్‌కి వెళ్తున్నారు, నేను వీడిని ఆపేశాను. రోజూ సాయంత్రం కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు. నాకు రాత్రిళ్ళు నిద్రే లేదు, వాడు పక్కకి తిరిగినా లేచి కూర్చుంటున్నాను.

తెలిసినవాళ్ళు ఏదైనా చెప్పండి, ప్లీజ్.

ఉప్పల్ నాన్న:

నమస్తే అమ్మా. ముందు ఒక్క మాట చెప్పేస్తే మీరు ఈ రాత్రి కాస్త కునుకు తీస్తారని అదే ముందు రాస్తున్నా. మా పాపకి మూడో తరగతిలో సరిగ్గా ఇదే వచ్చింది, ఇదే రోలాండిక్, ఇలాగే మూతి ఒక పక్కకి లాగడం, ఇలాగే తెల్లవారుజామున. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మందులు మానేసి ఏళ్ళు గడిచాయి, మళ్ళీ రాలేదు.

ఇక మీ ప్రశ్న. ఫిట్స్ తగ్గుతాయా తగ్గవా అని గంపగుత్తగా అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు, ఏ రకం అన్నది తెలిస్తేనే చెప్పగలరు, అందుకే మీ డాక్టర్ గారు రకం పేరు చెప్పడం మీకు చాలా పెద్ద మేలు. పేరు తెలియకుండా ఫిట్స్ మందు అని ఏదో ఒకటి ఏళ్ళ తరబడి మింగిస్తున్న ఇళ్ళు మన చుట్టూ ఎన్నో. రోలాండిక్ మామూలుగా నాలుగు నుంచి పదేళ్ళ లోపు మొదలవుతుంది, ఏడెనిమిదేళ్ళప్పుడు ఎక్కువ. యుక్తవయసు వచ్చేసరికి దాదాపు పిల్లలందరికీ ఆగిపోతుంది, చాలామందికి పదమూడు, పద్నాలుగుకే, కొందరికి పదహారు దాకా పట్టొచ్చు. వీళ్ళలో చాలామందికి మొత్తం మీద వచ్చేవే కొద్ది ఫిట్స్. ఎప్పుడో ఒకసారి, అదీ నిద్రలోనే వస్తుంటే కొందరు డాక్టర్లు అసలు మందే మొదలుపెట్టరు. మీ వాడికి ఒళ్ళంతా కొట్టుకుంది కాబట్టి పెట్టి ఉంటారు.

మిగతా రకాల్లో అన్నీ ఇలా ఉండవు. పిల్లలు ఆడుతూ, తింటూ మధ్యలో ఐదు పది సెకన్లు బొమ్మలా ఆగిపోయి మళ్ళీ ఏమీ జరగనట్టు మొదలుపెడతారు చూడండి, రోజుకి పదుల సార్లు కూడా వస్తుంది, టీచర్లు పరధ్యానం అనుకుని తిడుతుంటారు. అది ఆబ్సెన్స్ ఎపిలెప్సీ. అది కూడా చాలామందికి టీనేజ్‌లో పోతుంది, కానీ అందరికీ కాదు. అదే టీనేజ్‌లో మొదలయ్యే, పొద్దున్నే చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగిరే జువెనైల్ మయోక్లోనిక్ అయితే మందుకి బాగా లొంగుతుంది కానీ మందు మానితే ఎక్కువమందికి తిరిగొస్తుంది. ఇక జ్వరంలో మాత్రమే వచ్చే ఫిట్స్ అసలు ఎపిలెప్సీ లెక్కలోకే రావు, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు వచ్చి పోతాయి, వందలో ఇద్దరి నుంచి ఐదుగురు పిల్లలకి వస్తాయి. మీ చుట్టాల్లో ఎవరైనా 'మా వాడికీ వచ్చి తగ్గింది' అంటే అది ఏ రకమో అడగండి. ఒకళ్ళ కథ ఇంకొకళ్ళకి అతికించుకోవడం వల్లే సగం భయాలు, సగం అబద్ధపు ధైర్యాలు.

మందు ఎప్పుడు ఆపుతారని మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. పిల్లల్లో మామూలుగా రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా లేకపోతే ఆ మాట ఎత్తుతారు. ఒక్కసారిగా ఆపరు, వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా దించుతారు. మొత్తం పిల్లల్ని కలిపి చూస్తే మందు ఆపాక దాదాపు మూడో వంతు మందికి మళ్ళీ రావచ్చంటారు, రోలాండిక్ పిల్లల్లో ఆ భయం చాలా తక్కువ. మాకు మందు దించిన ఆ నెలలే అన్నిటికంటే కష్టంగా గడిచాయి. అప్పుడు మా డాక్టర్ గారు పరీక్షలు, ఊరి ప్రయాణాలు లేని రోజులు చూసి మొదలుపెడదామన్నారు, అది చాలా పనికొచ్చింది, మీరూ అప్పుడు అడగండి.

పూర్తిగా పోయిందని ఎప్పుడనుకోవాలో కూడా ఒక లెక్క ఉంది. ఎపిలెప్సీ మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2014లో చెప్పింది: వయసుతో పోయే రకమైతే ఆ వయసు దాటిపోవాలి, లేదా పదేళ్ళుగా ఫిట్ లేకుండా ఉండి అందులో చివరి ఐదేళ్ళు మందు కూడా లేకుండా ఉండాలి. మీ బాబుది మొదటి కోవ.

ఇంటర్నెట్‌లో వీడియోలు చూడకండమ్మా. అన్ని రకాలూ కలిపేసి పెడతారు, మనం వాటిలో అతి భయంకరమైనదే మన పిల్లల మీద పెట్టుకుని చూస్తాం.

దిల్‌సుఖ్‌నగర్ నర్సు:

అక్కా, నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. పైన అన్నయ్య రకాల గురించి చక్కగా చెప్పారు, నేను ఇంట్లో చేయాల్సినవి రాస్తాను.

ముందు ఆ తాళాల గుత్తి. అత్తయ్య గారిని నొప్పించకుండా చెప్పండి, ఇనుము వల్ల ఫిట్ ఆగదు, అది రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, చేతిలో తాళాలు ఉండగా ఆగింది కాబట్టి తాళాలే ఆపాయని తరతరాలుగా నమ్ముతున్నారు. వార్డుకి వచ్చే పిల్లల అరచేతుల్లో తాళం పళ్ళు గుచ్చుకున్న గాట్లు నేను చూస్తూనే ఉంటాను, బలంగా బిగించిన పిడికిలి కదా. నోట్లో చెంచా పెట్టడం ఇంకా ప్రమాదం, పళ్ళు విరిగి గొంతులోకి పోతాయి. నీళ్ళు పోయొద్దు, ఉల్లిపాయ వాసన చూపించొద్దు, కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చొంగ బయటికి కారిపోయేలా. మెడ దగ్గర గుండీ విప్పండి. గోడ గడియారం చూడండి. మామ్మ గారికి ఆ గడియారం చూసే పని అప్పజెప్పండి, 'ఎన్ని నిమిషాలైందో మీరు చెప్పాలి అత్తయ్యా' అనండి. ఆవిడకీ ఏదో చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది, మీకు నిజంగా కావాల్సిన సమాచారం దొరుకుతుంది. ఇంకొకళ్ళు ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి, డాక్టర్‌కి నోటితో చెప్పే వంద మాటల కంటే ఆ వీడియో ఎక్కువ చెప్తుంది.

ఐదు నిమిషాలు దాటితే, లేదా ఒకటి తగ్గి తెలివి రాకముందే ఇంకోటి మొదలైతే, స్ప్రే కొట్టి 108కి ఫోన్ చేయండి. స్ప్రే ఎన్ని సార్లు కొట్టాలన్నది బరువుని బట్టి మారుతుంది, చీటీలో రాసి ఉంటుంది, ఆ అంకె పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి సీసాకే అంటించండి, ఆ కంగారులో ఫైలు వెతుక్కునే పని ఉండదు. కొత్త సీసా అయితే ముందు గాలిలో కొన్నిసార్లు నొక్కి తుంపర బయటికి వస్తోందో లేదో చూసుకోవాలి, లేకపోతే మొదటి రెండు నొక్కుళ్ళలో మందే రాదు. ఇది కొనేటప్పుడే మెడికల్ షాపులో అడిగి చూపించుకోండి.

ఆ కోపం సంగతి. లెవెటిరాసెటమ్ వాడే పిల్లల్లో చిరాకు, మొండితనం, కొట్టడం మేం తరచుగా వింటాం. మీ గారాబం వల్ల కాదు. మీ అంతట మీరు డోసు తగ్గించడం, మానేయడం మాత్రం వద్దే వద్దు, ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్‌కి చెప్పండి, డోసు మారుస్తారు, కొందరు బి6 విటమిన్ ఇచ్చి చూస్తారు, అవసరమైతే మందే మారుస్తారు. కానీ 'కొంచెం చిరాకుగా ఉన్నాడండీ' అంటే ఆ హడావిడిలో కొట్టుకుపోతుంది. 'సిరప్ మొదలుపెట్టిన తర్వాతే మొదలైంది, చెల్లిని కొడుతున్నాడు, ఇంతకు ముందు ఈ అలవాటు లేదు' అని స్పష్టంగా చెప్పండి.

సిరప్‌ని టీస్పూన్‌తో కొలవొద్దు, సిరంజితోనే. పిల్లాడు బరువు పెరిగితే డోసు కూడా మారాలి కాబట్టి ప్రతిసారీ బరువు చూపించండి. షాపువాడు 'ఈ కంపెనీ లేదు, ఇది కూడా అదే' అని వేరేది ఇస్తే తీసుకునే ముందు డాక్టర్‌ని అడగండి, ఫిట్స్ మందులు వీలైనంత వరకు ఒకే కంపెనీవి వాడటం మంచిది. దసరాకి, సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఒక సీసా అదనంగా పట్టుకెళ్ళండి. పండగ తర్వాత మా వార్డుకి వచ్చే పిల్లల్లో మందు ఊళ్ళో దొరక్క, లేదా రాత్రంతా మేల్కొని ఉండి ఫిట్ వచ్చినవాళ్ళు ఎప్పుడూ కొందరుంటారు.

ఇంకోటి, ఇది భయపెట్టడానికి కాదు. రోలాండిక్ పిల్లల్లో కొందరికి చదవడం, శ్రద్ధ పెట్టడం కాస్త కష్టమవుతుంది, టీచర్ సాయంతో సర్దుకుంటుంది. కానీ ఉన్నట్టుండి మాటలు తగ్గిపోయినా, వచ్చిన చదువు మర్చిపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పండి, మళ్ళీ నిద్ర ఈఈజీ తీసి చూస్తారు. అది అరుదు, కానీ తల్లికి తెలిసి ఉండాలి.

తార్నాక టీచర్:

మేడమ్, నేను పిల్లాడి వైపు నుంచి రాస్తాను. నాకు తొమ్మిదో తరగతిలో మొదలైంది, పైన చెప్పిన జువెనైల్ మయోక్లోనిక్. పొద్దున్నే చేతులు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డట్టు ఎగిరేవి, టీ గ్లాసు, దువ్వెన, ఏది పట్టుకుంటే అది ఎగిరిపోయేది. పరీక్షల ముందు రాత్రి మేల్కొని చదివిన మర్నాడు పెద్ద ఫిట్. నాది పోయే రకం కాదు. రోజూ మందు వేసుకుంటాను, టైమ్‌కి పడుకుంటాను, ఏళ్ళుగా ఫిట్ లేదు, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తున్నాను. పోకపోతే బతుకే లేదనుకునేవాళ్ళు ఈ పోస్ట్ చదువుతారని ఇది రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సరైన వైద్యం అందితే ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా ఉండగలరు. ఫీల్డింగ్ అంటే మనవాళ్ళు ఇప్పటికీ పేరు చెప్పుకునే దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కి కూడా ఎపిలెప్సీ ఉంది, ఆయన దాన్ని ఎక్కడా దాచలేదు.

నన్ను బాధపెట్టింది ఫిట్స్ కాదు మేడమ్, వాటి చుట్టూ ఇంట్లో గుసగుసలు. నేను గదిలోకి రాగానే మాట మార్చేవాళ్ళు. ఎక్స్‌కర్షన్ అంటే వద్దు, చెరువు గట్టు అంటే వద్దు, డాబా అంటే వద్దు. నాకేదో చెప్పకూడని రోగం ఉందని అర్థం చేసుకున్నాను. ఏడేళ్ళ పిల్లాడికి చెప్పొచ్చు. 'నీ బుర్రలో కరెంటు ఒక్కోసారి ఎక్కువగా కొడుతుంది, అందుకే మూతి లాగుతుంది, సిరప్ దాన్ని తగ్గిస్తుంది, పెద్దయ్యాక అది పోతుంది' అంటే చాలు. అమ్మ పిలిస్తే వినపడిందని చెప్పాడంటే ఆ పిల్లాడు ఆ నిమిషమంతా లోపల మెలకువగానే ఉన్నాడు. అప్పుడు మీరు ఏడిస్తే వాడు వింటాడు. 'నేనిక్కడే ఉన్నా నాన్నా, తగ్గిపోతుంది' అంటే అదీ వింటాడు.

స్కూల్ సంగతి మీ వారికి ఇలా చెప్పి చూడండి. నేను టీచర్‌ని, మా క్లాసులో ఒక పిల్లాడికి ఇలా ఉందని ముందే తెలిస్తే ఏం చేయాలో నాకు తెలుస్తుంది. తెలియకపోతే ఆయాలు పరుగున వచ్చి నీళ్ళు పోస్తారు, ఎవరో తాళాలు తెస్తారు, క్లాసంతా కేకలు వేస్తుంది, మీ వారు దేనికి భయపడుతున్నారో అది ఆ ఒక్క రోజులో జరిగిపోతుంది. అందరికీ చెప్పక్కర్లేదు. క్లాస్ టీచర్, పీఈటీ సార్, ప్రిన్సిపల్, బస్సు ఆయా. ఒక పేజీలో తెలుగులో రాసివ్వండి: ఎలా వస్తుంది, ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి. వాడిది నిద్రలో వచ్చేది కాబట్టి బస్సులో నిద్రపోయే పిల్లాడైతే ఆయాకి మాత్రం తప్పకుండా చెప్పండి.

మీరు అడగలేదు కానీ ఆడపిల్లల తల్లులు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. ఒకప్పుడు మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదని చట్టంలోనే ఉండేది, 1999లో హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం రెండింట్లోంచీ తీసేశారు. ఇంకా ఆ పాత మాట పట్టుకుని బెదిరించే పెద్దమనుషులు ఉన్నారు, చెవిన వేసుకోకండి. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు మీద ఉన్న అమ్మాయిలు మాత్రం పెళ్ళికి చాలా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, కడుపులో బిడ్డకి దానివల్ల హాని ఉంటుంది, వీలైతే ముందుగానే మారుస్తారు. నాకూ అలాగే మార్చారు.

అల్వాల్ తల్లి:

చెల్లీ, మీ బాబు గురించి ఇక్కడ అందరూ మంచి మాట చెప్పారు, అది నిజమే, మీరు ధైర్యంగా ఉండండి. కానీ ఈ ప్రశ్న చూసి వచ్చేవాళ్ళలో నాలాంటి తల్లులు కూడా ఉంటారు, వాళ్ళ కోసం కొంచెం రాస్తాను.

మా పాపకి ఐదో నెలలో మొదలైంది. నిద్ర లేవగానే తల ఒక్కసారి ముందుకి వంచి రెండు చేతులూ పైకెత్తేది, కాసేపాగి మళ్ళీ, మళ్ళీ, వరసగా. చూసేవాళ్ళకి దండం పెడుతున్నట్టే ఉంటుంది, అందరూ ముద్దు చేశారు. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో గ్యాస్ అని చుక్కలు ఇచ్చి పంపారు. నవ్వడం తగ్గిపోయింది, అప్పుడు నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఈఈజీ చూసి వెస్ట్ సిండ్రోమ్ అన్నారు. 1841లో విలియం వెస్ట్ అనే ఇంగ్లండ్ డాక్టర్ సొంత కొడుక్కి వచ్చినదాన్ని వివరంగా రాసి, ఎవరైనా సాయం చేయగలరా అని పత్రికకి ఉత్తరం పంపాడట, ఆయన పేరే దీనికి ఉండిపోయింది. ఒక తండ్రి రాసిన ఉత్తరం అని తెలిసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. చిన్న పిల్లల్లో ఇలా వరసగా ఉలికిపాట్లు కనిపిస్తే వీడియో తీసి ఆ రోజే చూపించండి, దీనికి వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

మా పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఫిట్స్ చాలా తగ్గాయి, పూర్తిగా పోలేదు, మాటలు తక్కువ. 'పోతాయా' అని నేనూ కొన్నేళ్ళు ప్రతి డాక్టర్‌నీ అడిగాను. ఇప్పుడు వేరేవి అడుగుతున్నాను. దానికి నిద్ర సరిపోతోందా, ఫిజియో ఆపకుండా జరుగుతోందా, మందుల మత్తు తగ్గించే వీలుందా. సరైన మందులు రెండు, సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకి లొంగని ఎపిలెప్సీ అంటారు, అప్పుడు మూడోది, నాలుగోది మార్చుకుంటూ కూర్చోకుండా పెద్ద సెంటర్‌లో చూపించుకోవాలి. కొందరికి ఆపరేషన్ పనికొస్తుంది, తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో ఎపిలెప్సీ సర్జరీకే ప్రత్యేక విభాగం ఉంది. కొందరికి కీటోజెనిక్ డైట్ పనిచేస్తుంది, మేం అదీ చేశాం, అన్నం దాదాపు లేకుండా నెయ్యి, కొబ్బరి నూనె, గుడ్డు, ప్రతిదీ గ్రాముల్లో తూచి పెట్టడం. యూట్యూబ్ చూసి సొంతంగా చేసేది కాదు అది, డైటీషియన్ లెక్కలతోనే.

ఒకటి అడుగుతాను చెల్లీ, మీ చెల్లెమ్మ, అంటే బాబు చెల్లి, ఎలా ఉంది? మా పెద్దబ్బాయి చాలా కాలం ఎవరికీ చెప్పకుండా చెల్లి మంచం పక్కన నేలమీద పడుకునేవాడు. ఇంట్లో రెండో పిల్లలు నోరు విప్పరు, మనమే అడగాలి.

ఎల్‌బీనగర్ వినయ్ వాళ్ళ నాన్న:

చిన్న మాట. స్కాన్‌లో ఒక మచ్చ కనిపించిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, మన దేశంలో అది చాలాసార్లు బద్దె పురుగు (టేప్‌వార్మ్) గుడ్ల వల్ల మెదడులో వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్ అనే జబ్బు. మా వాడికి అదే. మేం శాకాహారులం, మాకెలా వస్తుందని వాదించాను. గుడ్లు వచ్చేది కడగని ఆకుకూరల మీద, మురికి నీళ్ళలో, చేతులు సరిగ్గా కడుక్కోని మనిషి వడ్డించిన తిండిలో, మాంసం తినకపోయినా వస్తుంది. ఆల్బెండజోల్, స్టెరాయిడ్ డాక్టర్ దగ్గరుండి వాడించారు, కొన్ని నెలల తర్వాత స్కాన్‌లో మచ్చ మాయమైంది, ఫిట్స్ మందు కూడా మిగతావాళ్ళ కంటే ముందే ఆపేశారు. మచ్చ గట్టిపడి సున్నంలా మిగిలిపోతే మాత్రం మందు ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చట. కొత్తిమీర, పుదీనా, పచ్చిగా తినే ముల్లంగి, క్యారెట్ ధారగా నీళ్ళు పోసి కడగండి. బండి మీద పానీపూరీ మా ఇంట్లో బంద్.

మియాపూర్ అమ్మ:

అందరికీ పేరుపేరునా దండాలు. మీరు రాసినవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. టీచర్ గారు రాసిన స్కూల్ ముక్క ఆయన ఇంకోసారి చదివించుకున్నారు, సోమవారం ఇద్దరం వెళ్ళి క్లాస్ టీచర్‌తో మాట్లాడదాం అన్నారు. కోపం సంగతి నర్సమ్మ చెప్పినట్టే కాగితం మీద రాసి డాక్టర్ గారికి మెసేజ్ పెట్టాను, ఈ వారం రమ్మన్నారు. అత్తయ్య గారు గడియారం బాధ్యత తీసుకున్నారు. తాళాలు ఇంకా దిండు కిందే ఉన్నాయి, దాని గురించి ఇప్పుడే పట్టుబట్టను.

అల్వాల్ అక్కా, మీరు అడిగాక పాపని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. 'అన్నయ్య చచ్చిపోతాడా' అంది. నాలుగేళ్ళ పిల్ల. ఇన్నాళ్ళూ అది మనసులో పెట్టుకుని తిరుగుతోంది. మీరు అడక్కపోతే నాకు తెలిసేదే కాదు. మీ పాపకి నా ముద్దులు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. స్విమ్మింగ్‌కి పంపొచ్చా? రాత్రి వాడి పక్కన నేను పడుకోవాలా, కెమెరా పెట్టుకోవాలా?

దిల్‌సుఖ్‌నగర్ నర్సు:

అక్కా, స్విమ్మింగ్ గురించి ఈ వారం వెళ్తున్నారు కదా, మీ డాక్టర్‌నే అడగండి, వాడికి ఫిట్స్ అదుపులో ఉన్నాయా లేదా అన్నది చూసి చెప్తారు. సరే అంటే చేయి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దవాళ్ళు నీళ్ళలోనే ఉండాలి, గట్టు మీద కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కాదు, కోచ్‌కి విషయం తెలిసి ఉండాలి. ఊళ్ళో బావి, చెరువు, క్వారీ గుంటలు వద్దు. ఇంట్లో స్నానం బకెట్‌తోనే, బాత్రూమ్ గడియ పెట్టకుండా. సైకిల్ హెల్మెట్‌తో అపార్ట్‌మెంట్ లోపల తొక్కనివ్వండి. టీవీ, ఫోన్ వెలుతురుకి ఫిట్ వస్తుందని చాలామంది భయపెడతారు, మెరిసే లైట్లకి ఫిట్స్ వచ్చేది ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో వందలో ముగ్గురికే, మీ వాడికి ఉందో లేదో ఈఈజీలో లైటు వేసి చూసే ఉంటారు, రిపోర్ట్‌లో అది రాసి ఉంటుంది. ఫోన్ వల్ల నిద్ర పాడైతే మాత్రం అది నష్టమే.

రాత్రికి అదే గదిలో పక్క మంచం మీద పడుకోండి, లేదా తలుపులు తీసి ఉంచి శబ్దం వినిపించే బేబీ మానిటర్ పెట్టుకోండి, మెత్తటి పెద్ద దిండ్లు తీసేయండి. వారానికి కొన్ని రాత్రులు మీ వారు కాపలా, కొన్ని మీరు. మీ వంతు కానప్పుడు వేరే గదిలో పడుకోవాలి, అదే గదిలో ఉంటే మీకు నిద్ర పట్టదు.

ఇంకోసారి ఈఈజీకి పిలిస్తే ముందు రోజు తలకి నూనె రాయకండి, షాంపూతో తలంటి తీసుకెళ్ళండి, నూనె తల మీద వైర్లు అతుక్కోవు, వెనక్కి పంపేస్తారు. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపమంటారు, దారిలో ఆటోలో నిద్రపోనివ్వకండి. స్ప్రే సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ ఈ రోజే చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి, మన హైదరాబాద్ ఎండలకి కారు డాష్‌బోర్డులో మాత్రం వదిలేయకండి.